కారణం అచ్చు కావాలి

సూర్యాపేట డాక్టరు రాజారత్నం రోగిని తాకకముందు మోచేతుల దాకా కడుక్కునేవాడు. తాకిన తరువాత ఇంకా ఎక్కువసేపు కడుక్కునేవాడు. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న నలభై ఎనిమిదిలో పోలీసులు తూటాలు దిగిన ఖైదీలను ఆయన దవాఖానకు ఈడ్చుకొచ్చేవారు. ఆయన వాళ్ళను మంచాలకు కట్టించి, ఎవరినీ అడగకుండా, తాను కనిపెట్టిన పొడిని పచ్చిపుండ్లలో కూరి ఫలితాలు రాసుకున్నాడు. వాళ్ళలో పర్వతాలు అనే చివ్వెంల కూలీ తొడ కుళ్ళి, మూడు రోజులు అరిచి చచ్చిపోయాడు. మద్రాసు వైద్యపత్రికలో అచ్చయిన ఆయన వ్యాసంలో మాత్రం పన్నెండు మంది ఖైదీలకూ నయమైంది.

పర్వతాలు భార్య సైదమ్మ ఒకనాడు వచ్చి, "ఆఖర్ల నా పెనిమిటి ఏమన్నడు, సారూ?" అని అడిగింది. "మంచానికి కట్టిన కట్లు విప్పమన్నడమ్మా," అన్నాడాయన. ఆ రోజే పత్రికకు నిజమంతా రాసి, వ్యాసాన్ని ఉపసంహరించి కారణం ప్రకటించమని కోరాడు. "రచయిత కోరికపై ఉపసంహరించడమైనది" అన్న ఒక్క వాక్యం అచ్చయింది. కారణం అచ్చువేయమని పత్రికకు మళ్ళీ రాయడానికి ఆయన కలం తీశాడు. "ఇగ ఊకోండ్రి అయ్యా. కారణం బయటపడితే పర్వతాలు తమ్ముళ్ళు మిమ్మల్ని నరుకుతరు," అన్నాడు కాంపౌండరు లాజరు. "బయటపడకుంటే నేనతన్ని చంపనట్టే అయితది, లాజరూ," అంటూ రాజారత్నం పర్వతాలు పేరును మొదటి వాక్యంలోనే రాశాడు.