మూఢం రాకముందే

మనవడికి గజ్జల్లో బుడిపె. ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆపరేషన్ ఎప్పుడన్నది డాక్టర్ చెప్పాలి గానీ, మా ఇంట్లో పంచాంగం చెప్పింది. మూఢం వస్తే మంచి రోజులుండవు కాబట్టి ఈ శుక్రవారమే కావాలన్నారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. ఎనుమాముల మార్కెట్ దగ్గర నా కిరాణా కొట్టుకు పొట్లాల కోసం వచ్చే పాత పేపర్లు చదివి అక్షరం నేర్చుకున్నవాణ్ణి. రోగం ముహూర్తం చూసుకుని వచ్చిందా అని అడిగాను. నీకన్నీ ఎదురుమాటలే అంది నా భార్య.

హనుమకొండ దవాఖానలో నర్సు థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం లేదు. ఈ రెండు మూడు రోజుల్లో వచ్చిందా అని అడిగితే కోడలు లేదంది. నా భార్య కొంగు సర్దుకుంది. లోపలికి తీసుకుపోయేటప్పుడు మనవడు నా మెడ వదలకపోతే, వేళ్లు విడదీసి మరీ నర్సు చేతికిచ్చాను.

కాసేపటికే మత్తు డాక్టరమ్మ మాస్కు కిందికి లాక్కుంటూ బయటికి వచ్చింది. కోత ఇంకా మొదలుపెట్టలేదట. మత్తులో పసిపిల్లల ఒళ్లు ఆ ఏసీకి చల్లబడుతుందట, అందుకే సన్నటి వైరు పెట్టి ఒంటి వేడి చూస్తూనే ఉంటారట. వీడిది మాత్రం పెరుగుతోంది.

"ముందే జ్వరముంటే ఒక తీరు. మత్తుమందే పడకపోతే ఇంకో తీరు, అది ప్రాణం మీదికొస్తది. నిజం చెప్పుండ్రి. జ్వరం వచ్చిందా?"

కొడుకు గోడవైపు చూశాడు. లోపల పసివాడి ప్రాణం ఒక్క మాట కోసం ఆగి ఉంటే, వీళ్ల నోళ్లు పెగలవు. నాకు ఒళ్లు మండింది. అరవబోయేంతలో నా భార్య లేచి నిలబడింది.

"వచ్చింది బిడ్డా. తెల్లారంగ ఒళ్లు కాలుతాంటే మందు పోసిన. చెప్తే వాపస్ పంపిస్తరని చెప్పలే."

డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది. ఆపరేషన్ ఆపి, మత్తు దించి, వాణ్ణి లేపారు. తలుపు అవతల వాడి ఏడుపు వినిపించేదాకా నేను కూర్చోలేకపోయాను.

జ్వరం తగ్గి, ఒళ్లు తేరుకున్నాక మళ్లీ రమ్మన్నారు. ఆ తారీఖు సరిగ్గా మూఢంలో పడింది. ఎవరూ పంచాంగం తీయలేదు. ఆ పొద్దున నా భార్య వాడి చంకలో థర్మామీటరు పెట్టి, తీసి నా చేతికిచ్చింది. జ్వరం లేదు.

"మందేమన్నా పోసినవా?" అన్నాను.

ఇన్నేళ్ల కాపురంలో ఆమెనలా అనుమానంగా అడగడం అదే మొదలు. కోప్పడుతుందనుకున్నాను. తల అడ్డంగా ఊపి, థర్మామీటరు తీసుకుని మళ్లీ వాడి చంకలో పెట్టింది.