చీకట్లో చెక్కిన కన్ను

ఎడారి దేశానికి పనికోసం వచ్చి, ఇక్కడి అర్దియా పేటలో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం మిష్రిఫ్ నుంచి ఒకామె పాత బొమ్మ తెచ్చింది. రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ. ఐరోపాలో మూడు నాలుగు వందల ఏళ్ల కిందట చేసిందట. ఎవరో క్రైస్తవ సన్యాసి, ముసలాయన, తలెత్తి చూస్తున్నాడు. పైనుంచి పడే వెలుగు ఒక చెంప మీదే ఆగింది. మిగతా సగం చీకటి.

"మా నాన్న కొన్నది. ఆయన పోయాక దీన్ని చూస్తే మా అమ్మకు భయం. లేతరంగు ఫ్రేము వెయ్యి," అని చెప్పి వెళ్లింది.

పాత ఫ్రేము మేకులు పీకి బొమ్మను బల్ల మీద పరిచాను. అది మా అన్న ముఖం.

నిజానికి పోలికేమీ లేదు. అన్నకు ముసలితనం రానే లేదు. తనూ ఈ దేశానికే పనికొచ్చి, నాలుగేళ్ల కిందట సులైబియా గోడౌన్‌లో సరుకు పెట్టెలు మీదపడి చనిపోయాడు. శవాన్ని గుర్తుపట్టడానికి నన్ను ఆసుపత్రికి పిలిచారు. అక్కడి ఉద్యోగి గుడ్డ సగమే తీశాడు. లైటు వెలుగు ఒక చెంప మీద పడింది. "ఇతనేనా?" అన్నాడు. అవునన్నాను. మిగతా సగం తియ్యమనే ధైర్యం నాకు లేకపోయింది. బయటికొచ్చి, ఊళ్లో ఉన్న వదినకు ఫోన్ చేసి, "నిద్రపోయినట్టుండాడు వదినా" అన్నాను.

నేను చూడని ఆ సగం నాలుగేళ్లుగా నన్ను వదల్లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడి మీద ఎండ పడితే చాలు, అన్న అక్కడుండేవాడు. ఒక్కోసారి కన్ను లేకుండా, ఒక్కోసారి నవ్వుతూ.

భూతద్దం పెట్టి బొమ్మలోకి చూశాను. వెలుగున్న చోట చెక్కినవాడు ఏమీ చెయ్యలేదు, ఉత్త కాగితం. ముక్కు దాటాక సన్నగీతలు మొదలై, చెంప వంపుతోపాటు వంగుతూ లావెక్కాయి. వాటి మీద అడ్డగీతలు, సందుల్లో చుక్కలు. ఆ గీతల లోపల రెండో కన్ను ఉంది. రెప్ప, కింది ముడతలు, అంచున తడి, అన్నీ ఉన్నాయి. ఎవరికీ కనపడదని తెలిసీ పూర్తిగా చెక్కాడు.

దుకాణం వెనక్కి వెళ్లి వదినకు ఫోన్ చేశాను.

"వదినా, ఆ పొద్దు అన్న మొగం సగమే చూసినా. నీకు అబద్ధం చెప్పినా."

అవతల కుక్కర్ కూత వేసింది. స్టవ్ కట్టేసిన చప్పుడు.

"నాకు తెలుసులే సామీ. మీ అన్న శవం పెట్టె ఇంటికొచ్చినప్పుడు అందర్నీ బయటికి పంపి, నేనే తెరిచి చూసినా. నువ్వు మొత్తం చూసుంటే ఆ మాట అనుండవు."

"మరి ఇన్నేండ్లూ ఒక్కమాట అడగలేదే?"

"నువ్వన్నా చూడకుండా బతికిపోతివి కదా అనుకున్నా. ఇద్దరికీ ఏంటికి?"

"ఎట్లుండె వదినా?"

చెప్పింది. నుదుటి నుంచి గడ్డం దాకా, మెల్లగా. నేను మధ్యలో ఆపలేదు. అదిక్కడ రాయను. నేను ఊహించుకున్నవేవీ కాదు. చివరికి తనే ఏడ్చింది. "ఎవురికీ చెప్పుకోలేదు ఇంతవరకూ" అంది.

బొమ్మకు లేతరంగు ఫ్రేము వేసి ఇచ్చేశాను. అన్న ఇప్పటికీ కనపడుతూనే ఉన్నాడు, ముఖం మొత్తంతో. భయం తగ్గిందని చెప్పలేను. నాకు సెలవుండే శుక్రవారాలు మాత్రం వదినే ఫోన్ చేస్తోంది.