ఉమ్మడి అభ్యంతరం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవి బదిలీల్లో నన్ను కుప్పం నుంచి పుంగనూరుకు సబ్‌రిజిస్ట్రారుగా వేశారు. మా శాఖ అంటే జనానికి భూముల దస్తావేజులే గుర్తొస్తాయి. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లిళ్లు జరిపించేదీ మేమే. వేర్వేరు మతాల జంట ముందుగా నోటీసు ఇస్తే, దాన్ని ముప్పై రోజులు బోర్డు మీద ఉంచుతాం. ఆలోగా ఎవరైనా అభ్యంతరం చెబితే నోటీసు పుస్తకంలో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఇక విచారణ తేలేదాకా పెళ్లి ఆగినట్టే.

మదనపల్లెలో నర్సుగా చేసే బ్లెస్సీ, పుంగనూరులో ఏసీ మెకానిక్ ఇమ్రాన్ అలాగే నోటీసు ఇచ్చారు. గడువు చివరి రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది.

"సార్, రేపు పెండ్లి కాకపోతే మావోళ్లు నన్ను కుప్పం తీసకపోతారు. ఆడ వేరే సంబంధం ఖాయం చేసిండారు" అంది. కూర్చోమన్నాను.

నాలుగింటికి ఆమె చర్చి పాస్టరు, ఇమ్రాన్ మసీదులో నమాజు చేయించే హజ్రత్ కలిసి దిగారు. ఒకరి వీధిలో ఒకరు అడుగుపెట్టని పెద్దమనుషులు, ఇద్దరు పిల్లలు సుఖపడతారనేసరికి ఒకే ఆటోలో వచ్చారు. వయసు, ఇదివరకే పెళ్లి, మతిస్థిమితం, దగ్గరి రక్తసంబంధం, వీటి మీద తప్ప అభ్యంతరం నిలవదని చెప్పాను. నిలవకపోయినా కొన్నాళ్లు పెళ్లి ఆగితే వాళ్లకు చాలు. ఉమ్మడిగా ఇస్తామన్నారు. ముందు చిత్తు రాసుకోమన్నాను.

"దేవుని కుమారుడైన యేసును ఒప్పుకోనివానికి..." అని పాస్టరు మొదలుపెట్టగానే హజ్రత్ పెన్ను లాక్కున్నాడు.

"దేవునికి కొడుకేందప్పా? ఈసా ప్రవక్త. దీని కింద సంతకం పెడితే నా ఈమాన్, నా విశ్వాసమే పోతాది."

'మరియమ్మ కుమారుడు' దగ్గర రాజీ కుదిరింది. వెంటనే పాస్టరు 'సిలువ మీద మరణించిన' అని చేర్చాడు. మరణించలేదు, అల్లా పైకి ఎత్తుకున్నాడని హజ్రత్ కొట్టేశాడు.

"మా బైబిల్లో రాసుండాది సూడు!"

"దాన్ని మీవోళ్లే మార్చేసినారు గదా!"

"సూసినోళ్లు రాసింది మాది. మీది ఆరునూర్ల ఏండ్ల తర్వాతది గదప్పా!"

విడివిడిగా ఇవ్వండని రెండుసార్లు చెప్పాను. విడివిడిగా రాసినా, ఒకే పుటలో ఎదుటివాడి మాటల కింద తన సంతకం పడకూడదట. ముందు ఎవరు రాయాలన్నది ఇంకో తగవు. బ్లెస్సీ బెంచీ మీద చున్నీ కొస నలుపుతూ కూర్చునే ఉంది. ఆమె వైపు ఒక్కరూ తల తిప్పలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇంత భక్తిలో దేవుడికి చోటెక్కడో నాకు అంతుబట్టలేదు, ఒళ్లు మండింది.

ఐదైంది. గడువు అయిపోయిందని చెప్పి పుస్తకం మూశాను. ఎవరి గ్రంథంలో అక్షరం మారిందో తేలలేదు గాని, నా పుస్తకంలో మాత్రం ఒక్క అక్షరమూ పడలేదు. మర్నాడు ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరిపించి సర్టిఫికెట్ ఇచ్చాను.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇంతే. పరాయి పిల్లల పెళ్లి ఆపడానికి దేవుణ్ణి వెంటబెట్టుకొచ్చేవాళ్లకు అధికారి అడ్డం పడనక్కర్లేదు. ఆ దేవుడెవరో రాసివ్వమంటే చాలు.