మామ్మ చెవులా, గిటారా

నేను గిటారు వాయిస్తే వినేది మా మామ్మ ఒక్కతే. మామ్మంటే నాన్నగారి తల్లి. ఎవరైనా వింటున్నారని తెలిస్తే నా వేళ్లు బిగుసుకుపోతాయి. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే గిటారుని సంచిలో పెట్టి బీరువా పక్కకి నెట్టేస్తాను. మామ్మ దగ్గర ఆ ఇబ్బంది లేదు. రాజమండ్రిలో మా ఫ్లాటులో ఆవిడదీ నాదీ ఒకటే గది. తణుకులో ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, ఆవిడ మంచం మీద ఓ చివర నా చిన్న స్పీకరు పెట్టుకుని కూర్చుంటాను. ఆవిడ కళ్లు మూసుకుని, మంచం పట్టె మీద చెయ్యి ఆనించుకుని వింటుంది. నేనేం వాయిస్తున్నానో ఆవిడకి తెలియదు. చాలాసార్లు నాకూ తెలియదు. ఆపగానే "బాగుందే, ఇంకోటి వాయించు" అంటుంది.

నేను పికప్పు మార్చిన రోజున ఆ మాట రాలేదు.

పికప్పంటే తీగల కింద ఉండే అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. పైన గిటారు తీగ కదిలితే ఆ కదలికని పట్టుకుని స్పీకరుకి పంపేది అదే. నా గిటారుకి అలాంటివి రెండున్నాయి, ఒకటి మెడ దగ్గర, ఒకటి కుడిచేతి కింద. వానలు మొదలయ్యాక మెడ దగ్గరది బరబరమనడం మొదలుపెట్టింది. నాకు నేర్పిన మాస్టారు ఊళ్లోనే ఉన్నారు, ఫోన్ చేసి అడగొచ్చు. మాటలు కూర్చుకునేసరికి రెండు రోజులు గడిచాయి, ఫోన్ మాత్రం చెయ్యలేదు. ఆన్‌లైన్లో వేరే కంపెనీది తెప్పించి, బీటెక్‌లో కొన్న సోల్డరింగ్ ఐరన్ అటక మీంచి తీసి, నేనే అతికించాను. స్క్రూడ్రైవరు మొనతో రెండు పికప్పుల్నీ తట్టి చూస్తే రెండూ స్పీకర్లో టక్కు టక్కుమన్నాయి. రెండూ పనిచేస్తున్నాయి కదా అని సంతోషించాను.

ఆ సాయంత్రం మామ్మ మధ్యలోనే కళ్లు తెరిచింది.

"ఏంటే అమ్మడూ, ఇవాళ నీళ్లమజ్జిగలా ఉందేంటి?"

"ఏది మామ్మా?"

"నీ వాయిద్యమే. వినపడీ వినపడనట్టుంది."

సౌండు పెంచాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "పెద్దదైంది గానీ చిక్కగా లేదు."

గుమ్మంలో నుంచి అమ్మ అంది, "నాకు బాగానే వినపడుతోందండి అత్తయ్యగారూ."

హాల్లోంచి నాన్న అందుకున్నారు. "అమ్మా, ఈమధ్య టీవీ కూడా తెగ పెంచేస్తున్నావు. చెవుల డాక్టరుకి చూపించేద్దాం."

"చూపిస్తే మిషనంటాడు. పాలకొల్లులో మా అక్కకి పెట్టారుగా. దానికి గిన్నెల చప్పుడు తప్ప ఇంకోటి వినపడి చావదు."

భోజనాలయ్యేసరికి సోమవారం సాయంత్రానికి డాక్టరు దగ్గర నంబరు రాయించేశారు నాన్న. మర్నాడు నేను గిటారు తియ్యగానే మామ్మ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది. "నాకెలాగూ వినపడదు కదే, నువ్వు వాయించుకో" అంది. అలిగి అన్నా బాగుండేది, బతిమాలుకునేదాన్ని. కానీ ఆవిడ నిజంగానే నమ్మేసింది.

నాకూ పల్చగానే వినిపించింది. కాకపోతే అది మామ్మ అన్నాక వినిపించిందా, ముందే వినిపించిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. డైరీలో "పల్చన" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. మళ్లీ వాయించి చూసి, దాన్ని కొట్టేసి, ఇంకోసారి పెట్టాను.

ఇంటర్నెట్లో చూస్తే పికప్పు మార్చాక ఇదే బాధ పడ్డవాళ్లు ఊరంతమంది ఉన్నారు. నవలలు చదివినట్టు వాళ్ల గొడవలన్నీ చదివాను. తీగలు పాతబడ్డాయేమో అన్నాడొకడు. కొత్తవి వేస్తే గిటారు గొంతు మరీ సన్నగా గీసుకుపోయింది. పికప్పు తీగలకి దూరంగా ఉందేమో అని ఇంకొకరు రాశారు. మరలు తిప్పి పైకి లేపితే తీగలు దానికే తగిలి గీరుకున్నాయి, మళ్లీ దించాను. అతుకులు సరిగ్గా లేవేమోనని కరిగించి మళ్లీ వేశాను. స్పీకరు వైరు మార్చాను. దేనివల్లా ఏమీ బాగుపడలేదు, లేదా పడినా నాకు తెలియలేదు. అప్పటికి నా చెవుల మీద నాకే నమ్మకం పోయింది.

ఏది నిజమైతే బాగుండునో కూడా అర్థం కాలేదు. గిటారు బాగుంటే మామ్మ చెవులు పోయినట్టు. మామ్మ చెవులు బాగుంటే బంగారంలాంటి గిటారుని నేను పాడుచేసినట్టు.

శనివారం రాత్రి అన్నాల దగ్గర ధైర్యం చేశాను. "నాకూ కొంచెం పల్చగానే..."

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు, వినపడలేదు" అన్నారు నాన్న.

"ఏం లేదండి" అన్నాను. మామ్మ నా వైపు ఒకసారి చూసి పెరుగన్నం కలుపుకుంది.

ఆదివారం మధ్యాహ్నం మామ్మని బలవంతంగా మంచం మీద కూర్చోబెట్టి, స్పీకరుకి తగిలించి ఉన్న గిటారు ఒళ్లో పెట్టాను. "వినద్దులే. ఊరికే పట్టుకో చాలు" అన్నాను. ఎందుకలా చేశానో తెలియదు. ఆవిడ బాల్కనీలోకి వెళ్లకుండా ఉంటే చాలనిపించింది. ఆవిడ దాన్ని పసిపిల్లని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికీ బొట్టేంటే? పెళ్లిచూపులా?"

తీగల కింద చిన్న స్విచ్చి ఉంటుంది. పైకి నెడితే మెడ దగ్గరి పికప్పు ఒక్కటే పలుకుతుంది, కిందికైతే రెండోది ఒక్కటే, మధ్యలో ఉంటే రెండూ కలిసి. క్లాసులో చేరిన మొదటిరోజు మాస్టారు "ప్రస్తుతానికి మధ్యలో ఉంచమ్మా" అన్నారు. మర్చిపోకుండా ఆ చోటు పక్కన నా స్టిక్కరు బొట్టొకటి అంటించాను. తరవాత ఎప్పుడూ ఆయన కదపమనలేదు. నేనూ కదపలేదు.

మామ్మ దాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది. ఆ గీకుడికి స్విచ్చి టక్కున పైకి పోయింది. ఆవిడ బొటనవేలు లావు తీగకి తగిలి స్పీకర్లోంచి ధుమ్మని ఒక మోత, గది నిండా.

మామ్మ చెయ్యి మంచం పట్టె మీదికి పోయింది.

"ఆఁ. ఇదేనే!"

గిటారు లాక్కున్నాను. స్విచ్చి పైన ఉంటే నిండుగా ఉంది. కింద పెట్టాను. కాస్త పదును, కానీ అదీ ఎప్పటిలాగే బాగానే ఉంది. మధ్యలో పెట్టాను. నీళ్లమజ్జిగ. మళ్లీ పైన, మళ్లీ కింద. ఇదివరకటి కంటే ఎక్కువ అయోమయంలో పడ్డాను.

"విడివిడిగా రెండూ బాగున్నాయి మామ్మా. కలిస్తేనే బాగాలేదు."

"నేనూ మా తోడికోడలూ అంతేనే. విడివిడిగా ఇద్దరం బంగారాలం."

మళ్లీ ఇంటర్నెట్లో పడి ఆ ముక్క పట్టుకుని వెతికితే అప్పుడు దొరికింది. కొత్తది వేరే కంపెనీది కదా, దాని చుట్లు కుడిచేతి కింద ఉన్న పాతదానికి ఎదురుగా తిరిగి ఉన్నాయి. ఒకే మంచాన్ని ఇద్దరు చెరోవైపు లాగినట్టు, ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. లావు శబ్దాలన్నీ అందులోనే చాలావరకు కొట్టుకుపోయి సన్నవి మాత్రం మిగులుతున్నాయి. చెయ్యాల్సిందల్లా కొత్త పికప్పు రెండు వైర్లనీ తారుమారు చెయ్యడం. చేశాను. స్విచ్చి మధ్యలో పెట్టి, లావు తీగ మీటాను. మామ్మ కళ్లు మూసుకుంది.

వాయించడం ఆపగానే ఆవిడ నాన్నని కేకేసింది. మళ్లీ వాయించమంది. నా వేళ్లు బిగుసుకున్నా ఎలాగో వాయించాను.

"ఎలా ఉందిరా?"

"బాగుందమ్మా. మొన్నట్లాగే ఉంది."

"చూశావా అమ్మడూ? రేపు డాక్టరు దగ్గరికి వీణ్ణి తీసుకెళ్లు."

నాన్న నవ్వేశారు. నేనూ నవ్వాను. అంతలో వంటింట్లోంచి అమ్మ అడిగింది, "అత్తయ్యగారూ, కుక్కరు ఎన్ని కూతలు కూసిందండి?"

"ఇంకా ఒక్కటీ కుయ్యలేదుగా" అంది మామ్మ.

నేను మూడు విన్నాను. మామ్మకి లావు చప్పుళ్లు అందుతున్నాయి, సన్నవి అందడం లేదు. వారమంతా నా గిటారులో మిగిలినవి ఆ సన్నవే. అంటే తప్పు గిటారుదీ, చెవులదీ కూడానా? ఆవిడ గెలిచిందా, ఓడిందా?

"మూడొచ్చాయమ్మా" అన్నాను, నా మామూలు గొంతు కంటే గట్టిగా.

మామ్మ నా మొహం చూసింది. "వచ్చాయా?"

తలూపాను.

ఆవిడ మంచం పట్టెని చేత్తో నిమిరింది. "రేపు ఎన్నింటికే?"

"ఆరింటికి. నేను తీసుకెళ్తాను."

"ఆ మిషను పెట్టుకుంటే ఇది ఇలాగే వినపడుతుందా, గిన్నెల్లా వినపడుతుందా?"

"నాకూ తెలీదు మామ్మా."

"అయితే ఇంకోటి వాయించు" అని కళ్లు మూసుకుంది.