కాకులకు మొహం చూపించే మనిషి

కాకి గూడు తీయడానికి స్తంభం ఎక్కేవాడెవడైనా ముందు నెత్తిన హెల్మెట్ పెట్టుకుంటాడు. మా సురేంద్రనాథ్ ఉన్న హెల్మెట్ తీసి కింద పెడతాడు. నిచ్చెన చివర నిలబడి, జుట్టు వెనక్కి దువ్వుకుని, అరుస్తున్న కాకులకేసి మొహం ఎత్తి చెబుతాడు.

"నేను సురేంద్రనాథ్‌ని. ఉండేది కోహ్కాలో. మీ గూడు తీస్తున్నది నేనే. సరిగ్గా చూసుకోండి."

అవి సరిగ్గానే చూసుకునేవి. భిలాయిలో వాడు ఏ వీధిలో నడుస్తున్నాడో ఫోన్ చేసి కనుక్కోనక్కర్లేదు, కాకుల గోల వింటే చాలు. క్యాంప్ 2లో నాది కరెంటు సామాన్ల దుకాణం. గోల మా వీధి మలుపు తిరిగిందంటే రెండు టీలు చెప్పేవాణ్ణి. వాడు చెవి వెనక గీరుకుంటూ లోపలికొచ్చి, "ఇవాళ కొత్తది ఒకటి చేరిందిరా తాతబ్బాయ్" అనేవాడు, కాలేజీలో సీటొచ్చిన పిల్లాడి గురించి చెప్పినట్టు.

వాడి చదువు వన్యప్రాణుల మీద. ఆ మాట విని పులో ఏనుగో అనుకుని వాళ్లమ్మ వీధంతా చెప్పుకుంది. వాడు పట్టుకున్నది కాకిని. పక్షులకీ మనుషులకీ వచ్చే గొడవల మీద పరిశోధన. "గొడవలేటి? పిట్టలు కోర్టుకెల్తాయేటి?" అని వాళ్ల నాన్న చాలాకాలం అన్నంలో చెయ్యి పెట్టి ఆలోచించేవాడు.

గొడవ నిజంగానే ఉంది. మాది ఇనుము ఊరు. ఇక్కడ కాకికి పుల్ల కంటే బైండింగు వైరు ముక్క సులువుగా దొరుకుతుంది. వేసవి వచ్చేసరికి స్తంభాల మీద ఇనుప గూళ్లు లేస్తాయి. కాస్త గాలి వీస్తే గూడు తీగ కరెంటు తీగకి తగులుతుంది, ఢామ్మని వీధంతా చీకటి. జనం ఆఫీసుకి ఫోన్ చేస్తారు. ఆఫీసు కాంట్రాక్టర్‌కి చేస్తుంది. కాంట్రాక్టర్ సింహాద్రికి చేస్తాడు. సింహాద్రి కింద ఇంకెవరూ లేరు కాబట్టి స్తంభం సింహాద్రి ఎక్కుతాడు.

సింహాద్రి తండ్రి త్రినాథరావు ఉక్కు ప్లాంటులో పర్మనెంటు. కొడుకు కాంట్రాక్టు. మనవడి సంగతి దేవుడికే తెలియాలి. ఈపాటికి ఆ దేవుణ్ణీ కాంట్రాక్టులో పెట్టేసి ఉంటారు.

అలాంటి సింహాద్రిని కొన్నేళ్లుగా సురేంద్రనాథ్ నిచ్చెన ఎక్కనివ్వలేదు. కరెంటు ఆపించి, తనే ఎక్కేవాడు. గుడ్లుంటే గూడు మొత్తాన్నీ బుట్టలో పెట్టి పక్క వేపచెట్టుకి కట్టేవాడు. సింహాద్రి మాత్రం కింద, మొహానికి తువ్వాలు చుట్టుకుని నిచ్చెన పట్టుకోవాలి. తువ్వాలు జారిందంటే పైనుంచి తిట్లే తిట్లు. ఎండలో వాడికి ఊపిరాడకపోయినా వినేవాడు కాదు.

"నాను ఎక్కుతాను బావూ, నాకలవాటే కదా!" అనేవాడు సింహాద్రి.

"నువ్వు మొహం కప్పుకో ముందు."

జనం నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. కుమ్హారిలో మా మేనల్లుడి పెళ్లి ఊరేగింపులో అయితే ఘోరం జరిగింది. అక్కడా వీడు గూళ్లు తీసి ఉన్నాడట, నాకేం తెలుసు! వాడి కోసం దిగిన కాకి గురి తప్పి పెళ్లికొడుకు తలపాగా ఎగరేసుకుపోయింది. గుర్రం బెదిరింది. బ్యాండువాళ్లు బాకాలు పారేసి పరిగెత్తారు.

"యే ఆద్మీ కౌన్ హై? ఎవడీ మనిషి?" అని పెళ్లికూతురి తండ్రి కేకలేశాడు.

"పక్షుల డాక్టరండీ" అన్నాను నేను.

"ఇలాంటి డాక్టరా? పేషెంట్లకి ఏం చేశాడు?"

ఓ పెద్ద ఆఫీసరు గారి భార్యని బంగళా గేటు దగ్గర కాకి తన్నింది. వీణ్ణి పిలిపించారు. కాకిపిల్లలు ఎగిరేదాకా వెనక గేటు వాడుకోమన్నాడు. "రోడ్డు మాదా, కాకిదా?" అందావిడ. "ప్రస్తుతానికి కాకిదే మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఎంతో కష్టపడి వాడు రాసిన రిపోర్టు ఆ ఆఫీసరు గారి ఆఫీసులో టీ ఫ్లాస్కు కింద చూశాను నేను. బల్లకి మరక పడకుండా బాగానే కాపాడుతోంది. ఈ ఊళ్లో చదువుకి అంతకంటే పెద్ద ఉద్యోగం దొరకదు.

ఇక చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఏడేళ్ల కిందట సింహాద్రి తల్లి అప్పలనరసమ్మ పోయింది. ఆవిడకి ప్రాణం పోతోందని కబురొచ్చేసరికి కొడుకు స్తంభం మీదున్నాడు. "కామ్ ఖతమ్ కర్‌కే ఉతర్" అన్నాడు కాంట్రాక్టర్. పని పూర్తి చేసి దిగి పరిగెత్తేసరికి తల్లి లేదు. ఆ కాంట్రాక్టర్ ఇప్పటికీ సుఖంగా ఉన్నాడు. అలాంటివాళ్ల జోలికి ఏ కాకీ వెళ్లదు.

పదో రోజున మేడ పిట్టగోడ మీద కాకికి ముద్ద పెట్టారు. కాకులు ఎదురు తీగ మీద బారుగా కూర్చుని గోలపెట్టాయి తప్ప దిగలేదు. తీరని కోరిక ఏదో ఉండిపోయిందని బంధువులు మొక్కుకోవడం మొదలుపెట్టారు. మనవరాలికి గాజులు చేయిస్తామన్నారు. అన్నదమ్ములు కలిసుంటామన్నారు. "సింహాచలం తీసుకెల్తామే!" అని ఒకాయన కంగారులో పోయినావిడకే మాటిచ్చాడు. కాకులు చలించలేదు. సాయంత్రానికి ఆ ముద్ద ఆవుకి పెట్టేశారు.

"మాయమ్మ నా మీద కోపంతోనే ఎల్లిపోనాది" అన్నాడు సింహాద్రి. ఏడేళ్లుగా అంటూనే ఉన్నాడు.

మొన్న చైత్రంలో త్రినాథరావు గారూ పోయారు. పదో రోజున అదే మేడ, అదే పిట్టగోడ. కొత్త గుండు, తడి పంచెతో సింహాద్రి ముద్ద పెట్టి వెనక్కి జరిగాడు.

"అయ్య కూడా కోప్పడితే నాను బతకలేను తాతబ్బాయన్నియ్యా. డాక్టరు బావు రాలేదేటి? ఆయనుంటే నాకు దయిర్యం."

నాకు ఒళ్లు మండింది. దారినపోయే ప్రతి కాకికీ పరిచయం చేసుకునే మనిషికి, సొంత మనిషి కష్టంలో ఉంటే రావడానికి తీరిక లేదు! ఫోన్ చేస్తే, "మీ గోడౌన్లోనే ఉన్నాను" అన్నాడు. దిగి వీధి చివరికి పరిగెత్తాను. షట్టరు సగం దించి, వైరు చుట్టల మధ్య చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"సిగ్గుందిరా నీకు? వాడక్కడ నీకోసం చూస్తున్నాడు!"

"దిగాయా?"

"ఏటి?"

"కాకులు."

"లేదు. నువ్వు రా ముందు."

"నేనొస్తే ఒక్కటీ దిగదురా. నన్ను చూస్తే వాటికి ఒళ్లుమంట. అప్పట్లో సింహాద్రిని చూస్తే ఉన్నట్టు."

నాకు అర్థం కాలేదు. వాడు షట్టరు సందులోంచి ఆకాశం చూస్తూనే చెప్పాడు. గూడు పీకినవాడి మొహం కాకి మర్చిపోదు. పిల్లలకీ చూపించి నేర్పుతుంది. అప్పలనరసమ్మ పదో రోజున అవి దిగనిది, ముద్ద దగ్గర సింహాద్రి నిలబడి ఉన్నందుకు.

"ఆ మాట వాడితో చెప్పొచ్చు కదరా!"

"చెప్పలేదనుకున్నావా? పుస్తకాలు చూపించాను, ఫొటోలు చూపించాను. 'మీరు మంచోరు బావూ, నా మనసు కోసం సెప్తన్నారు' అని ఇంకా ఏడ్చాడు. సైన్సుతో కాలేదు. ఇక ఏం చెయ్యను? వాడి మొహం తెలిసిన కాకులు పోవాలి. కొత్తవాటికి నా మొహమే తెలియాలి. హెల్మెట్ పెట్టుకుంటే ఎలా తెలుస్తుంది?"

ఏడేళ్లపాటు ఊరంతా నవ్వుతుంటే, ఒక మనిషి ఒక ముద్ద కోసం ఊళ్లో కాకులన్నిటితో పగ తెచ్చుకున్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చేయలేక పక్కనే కూలబడ్డాను.

అప్పుడే మేడ మీంచి కేకలు వినిపించాయి. "ముట్టింది! ముట్టింది!" ఆడవాళ్లు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు.

సురేంద్రనాథ్ కళ్లు తుడుచుకున్నాడు. "మొదట దిగింది బూడిద మెడదా, నల్లదా? కనుక్కోరా" అన్నాడు.

కనుక్కునేలోపే సింహాద్రి తడి పంచెతో పరిగెత్తుకొచ్చేశాడు. "బావూ! మా యయ్య తినేసినాడు! కోపం లేదు బావూ, నా మీద కోపం లేదు! రండి, మీరు బోంచెయ్యాల!" అంటూ చెయ్యి పట్టి వీధిలోకి లాగేశాడు.

ఇంకేముంది, పైనుంచి కాకుల దండు దిగింది. అన్నిటికంటే ముందున్నదాని ముక్కుకి అన్నం మెతుకు ఇంకా అంటుకునే ఉంది. అది వచ్చీ రాగానే సురేంద్రనాథ్ నెత్తిన ఒక్కటిచ్చింది.

సింహాద్రి హడలిపోయాడు. దానికేసి రెండు చేతులూ జోడించాడు.

"నాన్నా! ఆయన మన డాక్టరు బావు నాన్నా! ఒగ్గీ నాన్నా!"

"ఉండనీలే సింహాద్రీ" అన్నాడు సురేంద్రనాథ్ తల వంచి. "పెద్దాయన. రెండు దెబ్బలు వెయ్యనీ."