పెళ్ళిమాటల్లో నా వెన్నెముక

ఎక్స్‌రే అంటే ఈ కాలం పిల్లలకు లెక్కే లేదు. మేము వయసులో ఉన్న రోజుల్లో ధర్మవరం నేతవీధిలో మనిషన్నవాడు ఫోటో దిగడమే అరుదు. పెళ్ళికి ఒకటి దిగితే గొప్ప. అలాంటిది ముఖమే లేకుండా, ఒట్టి ఎముకలతో ఫోటో దిగిన మొదటి ఘనుణ్ణి మా వీధిలో నేనే. గొప్పగా చెప్పుకోవలసిన సంగతే గానీ, ఆ ఫోటో వల్ల నా పెళ్ళి తప్పిపోబోయిందని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.

అప్పటికి నాకు ఇరవై దాటి ఉంటాయి. గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని పొద్దస్తమానం వంగి కూర్చునేవాణ్ణి. బత్తలపల్లెలో ఉన్న మా మేనమామ కూతుర్ని నాకు చేసుకోవాలని పెద్దలు అనుకున్నారు. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి. (నా వరకైతే చేసుకుంటే ఆ పిల్లనే, లేకుంటే పెళ్ళే వద్దు.) సరిగ్గా అప్పుడే ఒకనాడు మగ్గంలోంచి లేవబోతే నడుము కలుక్కుమంది. పూర్తిగా లేవలేను, తిరిగి కూర్చోలేను. సగానికి వంగి వీధిలో నడుస్తుంటే, "ఏం పోగొట్టుకున్నావప్పా, నేనూ వెతికేదా?" అని అడగనివాడు లేడు.

మా వైపు నడుంపట్టుకు పెద్ద మందు ఒకటుంది. ఎదురుకాళ్ళతో, అంటే తల కాకుండా కాళ్ళు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్ళ చేత నడుము మీద తన్నించుకోవడం. మా చుట్టుపక్కల అలా పుట్టిన మనిషి ఒక్కతే ఉంది. ఎవరో కాదు, నా మరదలే! రైతులు, నేతగాళ్ళు, చివరికి బడిపంతులు కూడా ఆమె కాలికి నడుము అప్పజెప్పినవాళ్ళే. ఆశగా మా అవ్వ ముఖంలోకి చూశాను. నాయన తల్లి ఆమె. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు. చెంపలు వాయించుకుంది. "శివశివా! కట్టుకోబోయే పిల్లతో తన్నించుకుంటావేంరా? ఆ పిల్లకు పాపం, నీకు ఆయుష్షు తక్కువ. కట్లాయన దగ్గరికి పోదాం పా."

కట్లాయనంటే ఎముకలు సర్ది, పసరు పూసి కట్లు కట్టే పెద్దాయన. ఆయన తాతముత్తాతలు వేళ్ళతో తడిమి చూసి వైద్యం చేసినవాళ్ళు. ఈయన మాత్రం అనంతపురంలో ఎక్స్‌రే తీస్తున్నారని విన్నప్పటినుంచి ఫోటో లేనిదే ఒంటిమీద చెయ్యి వేయడం మానేశాడు. వచ్చినవాళ్ళ ఫిల్ములన్నీ వసారాకు తోరణాల్లా కట్టుకున్నాడు. "నీ లోపల ఏముండాదో నాకేం తెలుసప్పా? అనంతపురం పోయి పోటా తీయించుకోని రా," అన్నాడు. వెళ్ళాను. చల్లటి బల్లమీద పడుకోబెట్టి "ఊపిరి బిగబట్టు" అన్నారు. బిగబట్టాను. అంతా అయిపోయి, ఫోటో తీసిన మనిషి ఫిల్ము పట్టుకుని పోతూ వెనక్కి తిరిగి, "ఇంగ ఇడువప్పా, సచ్చిపోతావ్!" అనేదాకా వదల్లేదు. తీరా కట్లాయన ఆ ఫిల్ము చూసి పెదవి విరిచాడు. "ఎముకలు యాడివి ఆడే ఉండాయి. ఇది నరంపట్టు. నా చేతి పని గాదు. ఎదురుకాళ్ళ మనిషితో ఒక తన్ను తన్నించుకో పో!"

ఈలోగా నా ఎముకలకు ఫోటో తీశారన్న వార్త బత్తలపల్లె చేరింది. పిల్లవాణ్ణీ, ఆ ఫోటోనూ తీసుకురమ్మని మామ కబురు పెట్టాడు. ఆయన్ను తప్పు పట్టలేం. నడుము పోయిన నేతగాడికి పిల్లనిచ్చి ఏ తండ్రి నిద్రపోతాడు? అవ్వా నేనూ బస్సెక్కి వెళ్ళాం. మామ పట్టుచీరల బేరగాడు. ఎంత మంచి చీరనైనా వాకిట్లో వెలుతురుకు ఎత్తిపట్టి తప్పిన పోగు ఎక్కడుందో చెప్పేస్తాడు. నా వెన్నెముకనూ అలాగే రెండు కొసలూ పట్టుకుని ఎత్తాడు. గోటితో గీరాడు. మడత పెట్టి చూడబోతే అవ్వ అడ్డుపడింది.

"ఏమప్పా, ఈ అంచుకూ ఆ అంచుకూ సమంగా లేదే! ఈడ ఎడమకు వాలిండాది. ఇట్లాంటి చీరైతే నేను వాపసు పంపిస్తా," అన్నాడు.

"కట్లాయన బాగుండాదని చెప్పినాడు గదప్పా," అంది అవ్వ.

"ఆయప్ప ఎముకలు చూసినాడత్తా. నేను నేత చూస్తాండా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నొప్పికి వంకరగా పండుకున్నా మామా, అందుకే..." అని గొణిగాను.

"నడుము తిన్నగా ఉండేవాడు వంకరగా ఎందుకు పండుకుంటాడప్పా?" అన్నాడు. ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాను.

అంతసేపూ తలుపు వెనక నిలబడి వింటున్న మరదలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "నాయనా, తాంబూలాలు ఇంకా తీసుకోలేదు గదా?"

"లేదు."

"అయితే ఈయన ఇంకా ఉత్త బావే, మొగుడేం గాదు గదా?"

"గాదు," అన్నాడు మామ, సంగతేమిటో అర్థం కాకముందే.

నన్ను వంగమనే పని కూడా లేకపోయింది, ఎలాగూ వంగే ఉన్నాను. ఒక్క తన్ను తన్నింది. అది మొక్కుబడి తన్ను కాదు. వెళ్ళి శనక్కాయల మూట మీద బోర్లా పడ్డాను. అవ్వ కెవ్వుమంది. మరదలే వచ్చి నా రెక్క పట్టుకుని లేపుతూ, చెవిలో మెల్లగా అడిగింది. "నొప్పి పోయిందా బావా?"

"లేదు."

"పోకపోయినా నిటారుగా నిలబడు. నాయన చూస్తాండాడు."

నిలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దేవతలందరూ కనిపించారు, అయినా నిలబడ్డాను. మామ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, ఫిల్మును అవ్వ చేతిలో పెట్టేశాడు. "ఇంగ ఈ పోటా ఎందుకులే అత్తా. లోపల ఆకూవక్కా ఉండాయేమో చూడమ్మా," అన్నాడు కూతురితో.

ఆ నొప్పి వారాల తరబడి నన్ను వదల్లేదు. ఇప్పుడు తలుచుకుంటే, మామ వాకిట్లో పళ్ళు బిగించుకుని, ముఖం మాత్రం నవ్వుతూ, చేతులు రెండూ పక్కలకు అతికించుకుని నిలబడ్డ ఆ కుర్రవాడి మీద జాలేస్తుంది. జాలికంటే అసూయే ఎక్కువేమో. పెద్దలు ఒప్పుకున్న సంబంధం కాబట్టి కాదు, ఆ పిల్లకే తాను కావాలని వాడికి ఆ నిమిషంలోనే తెలిసింది. పొద్దుగూకేదాకా అలాగే నిలబడమన్నా నిలబడేవాడు.