నల్లతాడు కట్టిన రాయి

తప్పు చేసిన పిల్లల్ని కూడా ఇంట్లోంచి వెళ్లగొట్టని తండ్రికి స్తోత్రం. ఈ పొద్దు వరకు మా ఇంట్లో రెండు ఊపిరులు నిలిపిన ఆయన నామానికి మహిమ. ఈ సంగతి సంఘంలో సాక్ష్యంగా సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో జపాన్ పద్ధతి తోట వేశారు. డిజైన్ చేసింది గుంటూరు వైపు అమ్మాయి. పూలేవని అడిగాను.

"ఖాళీ కూడా తోటలో భాగమే ఆంటీ. ఇప్పుడు ఆఫీసులు, హోటళ్లు అన్నీ ఈ పద్ధతే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ కొత్త బట్టల షాపుకి గుండ్రటి గుమ్మం పెట్టారు చూశారా? అది చైనా తోటల్లోంచి వచ్చిందే" అంది.

తెల్ల కంకరను దువ్వి అలల్లాగా గీతలు గీశారు. దాని మీద ఒక్క అడుగు గుర్తు ఉండేది కాదు. పక్కనే చిన్న కుంట తవ్వి, అడుగున నల్ల గ్రానైట్ పరిచారు. గాలి లేనప్పుడు అది నీళ్లని తెలిసేదే కాదు, అప్పుడే కడిగిన గచ్చులా ఉండేది. ఒక వెదురు గొట్టం నీళ్లు నిండగానే వంగి, ఖాళీ అయ్యాక లేచి రాతికి టక్కున కొట్టుకునేది. జపాన్‌లో అడవిపందుల్ని బెదరగొట్టడానికి పెట్టుకునేవారట. మా దగ్గర పందులు లేవు, నేను బెదిరాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే, ఎవరో ఒక్కసారే తలుపు కొట్టి ఊరుకున్నట్టుండేది.

ఒక రోజు తోటలో దారి రెండుగా చీలేచోట గుండ్రటి రాయి కనిపించింది. దానికి అడ్డంగా నిలువుగా నల్లతాడు కట్టి ఉంది. తోటపని చేసే నల్గొండ ఆమె అప్పటికే దానికి పసుపు కుంకుమ పెట్టేసింది.

"ఎవలో మంత్రమేసి కట్టు కట్టిండ్రు అక్కా. గా రాయి జోలికి పోకు" అంది.

"మరి నువ్వెందుకు మొక్కుతున్నవ్?"

"నాకేం ఎరుక! మొక్కితే ఊకుంటదేమోనని."

మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. షుగరుకు నడవమని డాక్టర్ చెప్పాడు. రోజూ తెల్లవారి చేతికర్ర పట్టుకుని ఆ తోటలోకి వెళ్లేవాడు. మూడో అంతస్తు కిటికీలోంచి చూసేదాన్ని. సరిగ్గా ఆ రాయి దగ్గర ఆగి, తల వంచి, కాసేపు నిలబడి వెనక్కి తిరిగేవాడు. ప్రతిరోజూ అంతే. బైబిలు చదవడం అప్పటికి మానేశాడు. చర్చిలో పాటల పుస్తకం ఇస్తే మూసి ఒళ్లో పెట్టుకునేవాడు.

"ఆ రాయి దగ్గర ఏం చేస్తవ్?" అని అడిగాను.

"అది నన్ను పలకరిస్తది, నేను దాన్ని పలకరిస్త. నీకేమన్న కుళ్లా?" అని నవ్వాడు.

నా మనిషిని ఏదో లాక్కుంటోందని నమ్మాను. ఒక దినం ఉపవాసముండి, సాయంత్రం ప్రార్థన నూనె, కూరగాయల కత్తి తీసుకుని దిగాను. ప్రభువు పేరు చెప్పి తాడు కోశాను, రాయిని పొదల్లోకి దొర్లించాను. తోటపని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎంత పని చేసినవ్ అక్కా!"

"భయపడకు, ఇక ఏం లేదు" అన్నాను.

మర్నాడు మంచు పట్టింది. కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన చీలిక దగ్గర ఆగాడు. కర్రతో నేల తడిమాడు. అటూ ఇటూ మళ్లీ తడిమాడు. ఏదీ తగల్లేదు. ముందుకు నడిచాడు. నల్లటి గచ్చు మీద అడుగు పెట్టాడు, అంతే, మనిషి లేడు. వెదురు టక్కుమంది. నల్గొండ ఆమె చీపురు పారేసి నడుము లోతు నీళ్లలోకి దూకి ఆయన కాలరు పట్టుకుంది.

డిజైన్ చేసిన అమ్మాయి దవాఖానకు ఏడుస్తూ వచ్చింది. జపాన్ తోటల్లో తాడు కట్టిన రాయి పెడితే ఇటు వెళ్లొద్దని అర్థమట. కుంటకు ఇంకా రెయిలింగ్ రాలేదని, అటు వెళ్లే దారి మొదట్లో తనే పెట్టింది. "అక్కడ దాన్ని చూస్తే ఎవరూ దాటరు ఆంటీ. ఇక్కడ అందరికీ చెప్పాలని తోచలేదు. అంకుల్ అడిగితే ఆయనకొక్కరికే చెప్పాను."

ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "కండ్లు సరిగ కనవడ్తలేవే. కర్రకు రాయి తగిలితే ఎనక్కి మర్లేటోణ్ణి. నీకు జెప్తే చెయ్యి పట్టుకొని నడిపిస్తవని సిగ్గయింది."

విరిగిన తుంటి ఎముక అతుక్కుంది. కానీ ఇప్పుడు మంచం మీంచి దిగేటప్పుడు కూడా కాలు గాలిలోనే ఆపుతాడు. "ఇది నేలేనా?" అని అడుగుతాడు. నేలే అంటాను. "నువ్వు తొక్కి చూసినవా?" అంటాడు. నేను తొక్కి చప్పుడు చేస్తేనే కాలు దించుతాడు. ఒక్కోసారి ఆ అడుగు పడేదాకా నాకూ నమ్మకం ఉండదు.

చదివే మీరు ఉన్నచోటనే కాసేపు కళ్లు మూసుకోండి. ఆయన కాళ్లలోంచి ఆ భయం తీసెయ్యమని, దేవుని పేరు చెప్పుకుని తొందరపడిన నా చేతుల్ని క్షమించమని నాతో కలిసి అడగండి. ఆమేన్.